ఆపినా కారే చుక్క

నల్లగొండ ల్యాబుల రాత్రి పదకొండు.
కరెంటు పోయి వచ్చింది, ఇంక్యుబేటరు మళ్ల మూలుగుతుంది.

చక్కెరతోని తిప్పే మీట ఇది.
గ్లూకోజు పోస్తె జన్యువు మూతి ముడుస్తది,
గాలక్టోజు పోస్తె నోరు తెరుస్తది.
పచ్చగ మెరిసే ప్రొటీనే దాని మాట.

ఈస్టు మాత్రం కొన్నది కాదు.
చండూరు కాడ మా చిన్నాయిన ఎల్లాగౌడు
లొట్టి అడుగు గీకి ఇచ్చిన మడ్డిల దొరికింది.
"పులిసేదానికి సదువెందుకే?" అని నవ్విండు.

ఇయ్యాల గ్లూకోజు ప్లేటు
నీలి వెలుతురు కింద పెట్టి చూసిన.
నోరు మూసిన చోట గూడ
సన్నగ, గొణిగినట్టు, పచ్చదనం.
మూడు నెలల్ల నాలుగుసార్లు
ప్రమోటరు కత్తిరించి అతికిచ్చిన.
మీట కారుతనే ఉంది.

తెల్లారి ఫోన్ చేసిన.
ముస్తాదు నడుముకు బిగిస్తున్నడు, ఆయాసం వినొస్తుంది.
"గీసుడు బంద్ పెట్టినా
రెండు దినాలు చుక్క పడతనే ఉంటది బిడ్డా.
ఎవలకు కోపం? లొట్టి కట్టి ఉంచు."

నోటుబుక్కుల రాసుకున్న:
ఆఫ్ అంటె సున్న కాదు.
పక్కన ఒక చిన్న అంకె.
గైడు సారు దాన్ని ఎర్ర పెన్నుతోని కొట్టేస్తడు,
తెలుసు.
కొట్టేసినా
కాయితం వెనుకకు దిగుతది సిరా.