దీర్ఘం

ఫిషింగ్ హార్బరులో పడవలకు పేర్లు రాసేవాణ్ణి నేను.
ఉప్పు నమిలినా నా అక్షరం పదేళ్ళుంటుందని
అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాణ్ణి.

గరికిన ఎర్రమ్మ కొత్త బోటు దించిన ఏడు
వేలంపాట మధ్యలో, నీలం ప్లాస్టిక్ కుర్చీలోంచి
లేవకుండానే కేకేసింది:
"రాయి బావూ, పెద్దచ్చరాలతో...
గంగమ్మ కన్నా మా పైడి మిన్న."

వంజరం బుట్టల దగ్గర నవ్వులు ఆగిపోయాయి.
ముసలి సరంగు ఒకడు చెంపలేసుకున్నాడు.
పైడికి పదకొండేళ్ళు. ఐసుముక్క చప్పరిస్తూ
తన పేరు వినపడిందని మాత్రం ఇటు చూసింది.

నాకు మనోలిస్ చెప్పిన కథ గుర్తొచ్చింది.
ఇనుపరాయి ఎత్తుకోడానికొచ్చిన గ్రీకు ఓడవాడు,
పాత పోస్టాఫీసు వీధి టీకొట్లో
సగం ఇంగ్లీషు, సగం చేతులు.
వాళ్ళ దేశాన ఒక రాణి
సముద్రుడి కన్యలకంటే నా కూతురే అందగత్తె అందట.
సముద్రుడు ఊరిమీదికి ఒక జంతువును తోలాడట.
అన్నది తల్లి.
గొలుసులేసి బండకు కట్టింది పిల్లని.
ఇదెక్కడి న్యాయమయ్యా అన్నాను.
పెదవి విరిచాడు.
తర్వాతెవడో వచ్చి విడిపించాడట, అది సరిగ్గా వినలేదు నేను.
రాణిని మాత్రం కుర్చీతో సహా ఆకాశానికి బిగించారంటూ
నా స్టూలు తలకిందులు చేసి చూపించాడు.
టీ ఒలికింది.
"మా ఊళ్ళో ఆ ఐదు చుక్కలు ఎన్నడూ మునగవు.
నీళ్ళు తాకే యోగం లేదు. అలా తిరుగుతూనే ఉండాలి."

కుంచె 'గంగమ్మ' దాటి ఆగింది.
"ఏటి బావూ, సెయ్యి తిమ్మిరెక్కిందేటి?"

రాశాను.
'కన్నా'లో దీర్ఘాన్ని మరీ ముద్దుగా
తెడ్డులా చాచి, రెండు పూతలు వేశాను.
మాట ఆవిడది, సోకు నాది.

కార్తీకంలో తుపాను.
మూడు రాత్రులు డాల్ఫిన్ నోస్ దీపం కనబడలేదు.
తొమ్మిది బోట్లు తిరిగి రాలేదు.
వాటిమీదా రాసింది నేనే:
దేవుని దయ. అమ్మవారి బిడ్డ. చల్లని తల్లి.
ఒకదానిమీద ఏమీ రాయొద్దన్నారు, దిష్టి తగులుతుందని.

ఎర్రమ్మ బోటు వచ్చింది.
మాస్టు విరిగి, వల పోయి, నలుగురూ బతికి.
జెట్టీ మీద చాలామంది మొహం తిప్పుకున్నారు.
నేను నా అక్షరాలు చూసుకున్నాను.
అన్నీ ఉన్నాయి. ఒక్క దీర్ఘం లేదు.
రెండు పూతల కింద చెక్క
తెల్లగా, నాలుకతో నాకినట్టు.

గంగమ్మ కన్న మా పైడి మిన్న.

ఎవరు దిద్దారో నాకు తెలియదు.
టర్పెంటైన్ ఎక్కువైందేమో.
భర్తల కోసం గుండెలు బాదుకుంటున్న వాళ్ళ నడుమ నిలబడి
ఊడిన అక్షరం గురించి ఆలోచించినందుకు
ఇప్పటికీ నిద్ర సరిగా పట్టదు.
ఆ రాణి భాషలో 'కన్నా' అంటే
పోలిక ఒక్కటేనేమో, పిలుపు కాదేమో.

నిద్ర పట్టని రాత్రి చూస్తుంటాను.
పొద్దుగూకాక కైలాసగిరి వెనక లేచిన ఐదు చుక్కలు
తెల్లారగట్ల సింహాచలం కొండల అవతలికి జారిపోతాయి.
మనోలిస్‌కి చెప్పాలనుంది:
ఒరే, ఇక్కడ ఆవిడ కుర్చీ దిగుతుందిరా.

మొన్న పైడి వచ్చింది, బోటుకి మళ్ళీ రంగెయ్యాలట.
ఇప్పుడు వేలం పాడేది తనే.
ఎండకి కమిలి, గొంతు బొంగురుపోయి,
ముందు పన్ను ఒకటి విరిగి.
"దీర్ఘం పెట్టనా, వదిలెయ్యనా?"
చదువు రానట్టు నవ్వి, వెనక్కి తిరిగి అరిచింది:
"అమ్మా, మేస్త్రి అడుగుతున్నాడే!"

అదే రంగు మరో కుర్చీలోంచి
రెండు కళ్ళకీ పొరలొచ్చిన ఎర్రమ్మ అంది,
"ఎట్టమను. ఈపాలి ఎర్రరంగుతో."

కుంచె ముంచాను.
చెయ్యి వణుకుతోంది. వయసుదే అనుకుంటాను.