పైవరస

గంటస్తంభం వెనక సందు, మేడ మీద గది.
పగలంతా పళ్ళు చేస్తాను.
డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టరు పోసి
ఎవరివో తెలియని నోళ్ళని
చీటీలు కట్టి షెల్ఫు మీద ఆరబెడతాను.

రాత్రి తొమ్మిది దాటాక
అదే మైనం, అదే డ్రిల్లు, అదే లైటు కింద
కారు చేస్తాను.
అరచేతిలో పట్టేది. అసలులో ఇరవైనాలుగో వంతు.

అంబాసిడరే. చూస్తే అనరు.
టాపు కోసి, నాలుగు మిల్లీమీటర్లు తీసి, మళ్ళీ అతికించాను.
మడ్‌గార్డులు పీకేశాను. బోనెట్టు లేదు.
వెనక చక్రాలు లావు, ముందువి సన్నం,
దూకబోయే పిల్లి ముంగాళ్ళు వంచినట్టు
ముక్కు నేలకి దించాను.
సైలెన్సర్లు ఇంజక్షను సూదులు.
ఇంజిను, ఎవరి నోటికో సరిపడక తిరిగొచ్చిన క్రోమియం ప్లేటు.
సీట్లు మాత్రం చిగుళ్ళ రంగు.
నా దగ్గరున్న అక్రిలిక్ అదొక్కటే.
గ్రిల్లుకి
షేడు కుదరక మిగిలిన పళ్ళు, సన్నగా చీల్చి పేర్చాను.

రంగు పదకొండు పూతలు.
ఆరో పూత మీద దోమ వాలింది.
ఆరూ గీకేశాను.

పతివాడ అప్పలసూరి
పైవరస కోసం మూడోసారి మెట్లెక్కి వచ్చాడు.
ముప్పయ్యేళ్ళు సుంకి ఘాటీలో టాక్సీ తోలిన మనిషి.
కుర్చీలో కూర్చోలేదు. బల్ల దగ్గరే ఆగిపోయాడు.

"ఇదేటి బాబూ, దీని తలకాయెవడు నరికీసినాడు?"
నేనే.
"బోనెట్టేదీ?"
ఇంజిను కనపడాలని తీసేశాను.
"వానొస్తే?"
వానకి నా దగ్గర జవాబు లేదు.
"దీనికెట్టీసినావు పళ్ళు. నాకేటి ఇంకా ఆలీసం?"

అప్పుడు వంగి, ఒక కన్ను మూసి,
ముందద్దంలోంచి లోపలికి చూశాడు,
నేను నోళ్ళలోకి చూసినట్టే.
చాలాసేపు.
"స్టీరింగు ఎడం పక్కనున్నాదేటి?"

ఏదో దేశం కారు ఫొటో పెట్టుకుని చేశాను.
నాలుగు నెలలు, రోజూ చూశాను.
కనపడలేదు.

"గేరు రాడ్డూ నేదు. స్టీరింగు కిందనుండాల."
ఎడం చెయ్యి గాల్లోకి ఎత్తి, కాస్త లాగి, కిందికి దించాడు.
ఆ చేతిలో రాడ్డు ఉంది.
నేను చూశాను.

ఆ రాత్రి డాష్‌బోర్డు ఊడదీశాను.
ఆరిన జిగురు అంత తేలిగ్గా ఊడదు.
బ్లేడు విరిగింది, వేలు తెగింది,
చిగుళ్ళ రంగు సీటు మీద ఒక చుక్క పడి
తుడిచినా తేడా తెలియలేదు.
స్టీరింగు కుడికి మారింది.
గుండుసూది వంచి గేరు రాడ్డు,
మొన మీద తెల్ల రంగు, ఆవగింజలో సగం.
కింద పాలవాడు హారను కొట్టేసరికి
బల్ల మీదే తల వాల్చి ఉన్నాను.

బుధవారం అతని పళ్ళు పెట్టాను.
నీలం కాగితం కొరికించి, మరక పడ్డచోటల్లా అరగదీసి,
మళ్ళీ కొరికించి.

పైవరస కుదిరిందో లేదో 'వ' దగ్గర తేలుతుంది.
పళ్ళ అంచు కింది పెదవికి ఆనాలి, నొక్కకూడదు.
వంద అనండి, వంకాయ అనండి, అంటాం అందరితో.
అతనితోనూ అన్నాను.

అప్పలసూరి కారుని అరచేతిలోకి తీసుకున్నాడు.
కుడి పక్కకి చూశాడు. రాడ్డు చూశాడు.
వందా అనలేదు, వంకాయా అనలేదు.

వ్ర్ర్‌ర్‌ర్‌ర్...
ఫస్టు. ఆగి, సెకండు.
మోచెయ్యి బయటకి పెట్టి ఒక మలుపు,
ఎదురు లారీకి హారను, మళ్ళీ సెకండు,
మెడ నరాలు ఉబ్బి, బల్లంతా తుంపర్లు,
షెల్ఫు మీద ప్లాస్టరు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

సెకండులో సన్నగా ఈల వస్తోంది.
ముందు రెండు పళ్ళ మధ్య సందు.
ఇలా ఇవ్వండి, సరిచేస్తాను, అని డ్రిల్లు తీశాను.

చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఉండనీ.
నా బండీ ఆ గేరులో అలగే ఈలేసీది."