సంతకం

హౌటన్‌లో నవంబరు సగమయ్యేసరికే మంచు మోకాలిదాకా పడుతుంది.
విశ్వవిద్యాలయం జిమ్ము కింద,
బాయిలర్‌కి వీపు ఆనించుకుని ఉంటుంది నా గది.
తలుపు సగం చెక్క, సగం జాలీ.
జాలీకి ఇవతల నేను.
అవతల రేపటి లెఫ్టినెంట్లు, వరసలో,
ముక్కులు ఎర్రబడి, బూట్లలోంచి నీళ్ళోడుతూ.

పదకొండేళ్ళుగా నా పని ఇవ్వడం, రాయించుకోవడం.
దిక్సూచి ఒకటి. సంతకం.
పటం ఒకటి. మూల చిరిగింది, అదీ రాయి. సంతకం.
రబ్బరు తుపాకీ ఒకటి.
నవ్వకు నాయనా, దీన్నే మంచులో పారేసుకున్నవాడి చేతికి
అసలుది ఎవడిస్తాడు?
సంతకం.

రౌహా సాల్మెలా మొదటిసారి వచ్చిన రోజు
ఆమె పాదానికి సరిపడే బూటు నా దగ్గర లేదు.
రెండేసి మేజోళ్ళు తొడుక్కుని
పెద్ద బూట్లలోనే ఏడాదంతా కవాతు చేసింది.
పేరుకి అర్థమేమిటని అడిగితే
"శాంతి. మా అవ్వ పేరు" అంది ఫిన్లాండు యాసతో.
నేను నవ్వలేదు.
శాంతి, బూట్లు ఒక జత, రెండు సైజులు పెద్దవి,
అని మనసులో ఎక్కించుకున్నాను.

వాళ్ళ నాన్న కాలువ మీద లిఫ్టు వంతెన ఎత్తే మనిషి.
ఓడ కూత వేస్తే
ఊరు ఊరంతా ఆగి ఆయన చేతికేసి చూస్తుందట.
అందుకే ఇంజనీర్ల దళం కావాలంది.
నది కనిపిస్తే చాలు, వంతెన వేసేయాలంది.

దళాలు చెప్పే సాయంత్రం
పైన హాల్లో కవర్లు పంచుతారు.
నన్నెవరూ పిలవరు, పిలవక్కర్లేదు.
నా పైకప్పే చెబుతుంది అన్నీ.
ధనధనా కాళ్ళు నేలని కొడితే పదాతిదళం.
బెంచీలు ఎగిరిపడితే ట్యాంకులు.
మర్యాదగా చప్పట్లయితే సిగ్నల్సు.
నవ్వులయితే జమాఖర్చుల శాఖ, పాపం.
ఒకసారి మాత్రం
పైకప్పు ఏమీ అనలేదు.

కాసేపటికి మెట్ల మీద పెద్ద బూట్ల చప్పుడు.
కవరు జాలీ కిందనుంచి నా వైపు తోసింది రౌహా.
సరఫరా దళం.
"మీ కొలువే నాకూ వచ్చింది" అంది.
ఆ 'మీ' దగ్గర గొంతు కాస్త జారింది.

నొచ్చుకోలేదని అనను.
చెప్పాల్సినవి నోటిదాకా వచ్చాయి.
నీళ్ళ ట్యాంకరు దారి తప్పిన మూడు రోజులూ
పతకాలున్న కెప్టెన్
గులకరాయి చప్పరిస్తూ కూర్చోవడం.
చనిపోయిన కుర్రాడి జేబులోంచి
సగం చూయింగ్ గమ్, రెండు తాళంచెవులు,
కట్టని పళ్ళ డాక్టరు బిల్లు
ఒక్కొక్కటీ తీసి నేను జాబితా రాయడం,
వాళ్ళమ్మ లెక్క చూసుకుంటుందని తెలిసి,
అక్షరాలు గుండ్రంగా, తీరిగ్గా.
అదీ మన దళం పనేనమ్మా
అనాలనుకున్నాను.

అనలేదు.
ఇరవైరెండేళ్ళ పిల్లకి
ఆ రాత్రి ఆ జేబు ఎందుకు?

ఖాతా పుస్తకం ఆమె వైపు తిప్పాను.
"ఊరికే నిలబడకు. చివరి అరలో ఊలు మేజోళ్ళు. లెక్కపెట్టు."

కళ్ళు తుడుచుకుని నేల మీద చతికిలబడింది.
పదేసి జతలు ఒక కుప్ప.
బాయిలర్ ఒకసారి దగ్గి మళ్ళీ పడుకుంది.
పైన ఎవరో పాట అందుకున్నారు, ఎవరో తప్పు పాడారు.
రెండోసారి మొదటినుంచీ లెక్కపెట్టింది, నేను చెప్పకుండానే.

"నూట నలభై రాశారు.
నూట ముప్పైతొమ్మిదే ఉన్నాయి."

"సరిగ్గా చూడు."
"చూశాను."

పదకొండేళ్ళలో ఆ మాట నాతో అన్నవాళ్ళు లేరు.
నా పెన్ను, నా పుస్తకం, నా లెక్క!
కళ్ళజోడు వెతుక్కుంటూ వంగాను.
ఆమె అప్పటికే కింద చూస్తోంది,
నా బల్ల కిందకి.
పోయిన మంగళవారం బాయిలర్ చచ్చిపోయినప్పుడు
చలికి ఆగలేక తీసి తొడుక్కున్న జత,
ఆకుపచ్చది, సర్కారుది,
నా కాళ్ళకే ఉంది.

రౌహా ఏమీ అనలేదు.
పుస్తకం నా వైపు తిప్పింది.
పెన్ను మూత తీసి జాలీ కిందనుంచి తోసి,
వేలు గీత మీద ఆనించి,
నేను రోజూ అనే గొంతుతోనే అంది.

"సంతకం."