సుతిలి

దేవరకొండ అవుతల, తండా బడి.
మూడో తరగతి కప్పుకు బీట.

ఇయ్యాల బోర్డు మీద లెక్క రాయలే.
"ఈ సుక్కనేం జేద్దాం?" అని అడిగిన.

బకెట్ పెడదామన్నడు నిరంజన్.
నిండితే పారబోసేదెవరని లొల్లి.
కప్పుకు గొడుగు కుడదామన్నడొకడు.
అందరు నవ్విన్రు. నేను గూడ;
నవ్వకుండ ఉండాల్సింది.

రెండు నెలల్సంది నోరిప్పని జమ్కు
బియ్యం సంచి సుతిలి ఊడదీసింది.
నా భుజమెక్కి
ఒక కొస బీట కాడి మొలకు,
ఇంకో కొస కిటికి ఊచకు.

సుక్క జరసేపు ఆగింది,
తాడు పట్టుకుని నడిసింది
మా తలల మీదికెల్లి
బయటి సిక్కుడు పాదుకు.

తలుపెనక నేను దాసిపెట్టిన బకెట్‌ను
సప్పుడు గాకుండ
ఆఫీసు రూంల పెట్టొచ్చిన.