చింబోతేలో పొగ పరీక్ష

నూట ఇరవై డిగ్రీలు దాటితేగానీ
ఈ నూనె నూనెలా నడుచుకోదు.
అంతవరకూ ట్యాంకు అడుగున
చల్లారిన బెల్లప్పాకంలా మొండికేసి కూర్చుంటుంది.

చేపపిండి మిల్లు. పసిఫిక్ మీద మంచు.
రేపు తెల్లారేసరికి పడవలొస్తాయి.
ఆ మాట మేనేజరు పదోసారి అన్నాడు.
నిల్డా హీటరు ముల్లునే చూస్తోంది.

మొదటిసారి పైలట్ వెలిగింది, మంట అందుకోలేదు.
రెండోసారి బాయిలరు గట్టిగా దగ్గి ఊరుకుంది.
"ఆగండి, ఊపిరి పీల్చుకోనివ్వండి దాన్ని."
ఫ్యాను లోపలి ఆవిరంతా ఊడ్చేలోగా
నాజిల్ విప్పి, డీజిల్లో కడిగి,
కిటికీ వెలుగుకి ఎత్తి చూసింది,
సూదిలో దారమెక్కించే మనిషిలా ఒక కన్ను మూసి.

మూడోసారి అంటుకుంది.
గాజు కన్నంలోంచి మంట: చిక్కగా, బద్ధకంగా, కొసలు నల్లగా.
చేతిపంపు పదిసార్లు లాగితే
తెల్లకాగితం మీద కాటుక చుక్క.
గాలి తలుపు ఒక గీత తెరిచింది.
మళ్ళీ పది. బూడిదరంగు.
ఇంకో అరగీత.

"చాలమ్మా. ఇంక తెరిస్తే
వేడంతా చిమ్నీకి దానం చేసినట్టే"
అన్నాడు ముసలి ఎలెయుతేరియో, మీటరు వంక చూడకుండా,
ఇనుప మెట్ల రెయిలింగుకి అరచెయ్యి ఆనించి.
మీటరూ అదే అంది.
ఆమెకు కొంచెం కోపమొచ్చింది.

చివరి కాగితం మీద
రబ్బరుతో చెరిపిన పెన్సిలు గుర్తంత మచ్చ.
తేదీ వేసి జేబులో పెట్టుకుంది.

వీధికి అవతల దోన్యా పెట్రోనిలా
చిమ్నీ వైపు తలెత్తి చూసింది. పొగ లేదు.
"ఇవాళ కూడా మొదలెట్టలేదు, సోమరులు" అనుకుని
దాచుకున్న తెల్లదుప్పట్లన్నీ తెచ్చి
తాడు మీద ఆరేసింది.