ఒర బయట

ఎరువుల సంచిలో చుట్టి తెచ్చింది పచ్చెమ్మ పెద్దమ్మ.
మురకంబట్టు నుంచి షేర్ ఆటోలో, ఒళ్లో పెట్టుకుని,
కోడిపెట్టను తెచ్చినట్టు.
"పాత సామాన్లోడు తక్కెట్లో ఏసినాడే.
నలభై రూపాయలంట.
నువ్వన్నా చూడు."

నేను జాకెట్లు కుట్టేదాన్ని.
సంతపేటలో ఇరుకు అంగడి, ఒక మిషను, తిరగనంటూ తిరిగే ఫ్యాను.
కత్తుల సంగతి నాకేం తెలుసు?
కానీ ఒరను తిప్పి చూసినాక చెయ్యి ఆగింది.
అది మిషను కుట్టు కాదు.
ఒకే దారం, రెండు సూదులు,
ఒకే తూట్లో ఎదురెదురుగా దూరిపోయిన కుట్టు.
అంగుళానికి ఏడు. లెక్కపెట్టినాను.
ఒకటి తెగినా పక్కది పట్టు వదలదు.

చెంగల్రాయుడు పెద్దనాయన
డెబ్బై ఒకటిలో తూర్పు యుద్ధానికి పోయి
దీన్ని నడుముకు కట్టుకుని వచ్చినాడంట.
ఆయన పోయి మొన్న ఆడికృత్తికకు ఏడాది.

నీళ్లు తగలనియ్యలేదు.
పాత పంచె ముక్క మిషను నూనెలో తడిపి
అలుగుకు చుట్టి ఒక రాత్రి ఉంచినాను,
బాలింత నడుముకు గుడ్డ బిగించినట్టు.
పొద్దున విప్పితే గుడ్డంతా బెల్లం పాకం రంగు.
గరుకు కాగితం ముట్టుకోలేదు.
ఇత్తడి గుండీ అంచుతో గీకినాను;
ఉక్కు కంటే మెత్తనిది గదా,
తుప్పుతోనే కొట్లాడతాది, ఉక్కు జోలికి పోదు.

మొనకు రెండు వేళ్ల ఈవల ఒక మచ్చ.
నల్లగా, అంచున నీలంగా.
నూనెకు పోలేదు, గుండీకి పోలేదు.
నా వేళ్లు చల్లబడినాయి.
"పెద్దమ్మా, ఇది..."
ఆమె కళ్లద్దాలు నొసటికెత్తి చూసి నవ్వింది.
"సొన మే, మామిడి సొన!
ముప్పై ఏండ్లు ఊరగాయ కాయంతా దీంతోనే కోసినాడు.
తోతాపురి సొన ఇనుమును గూడా తింటాది."
కాసేపుండి, నవ్వాపి:
"దాని అడుగున ఇంకేమన్నా ఉంటే నాకు తెలీదు.
రుద్దబాక."

రుద్దలేదు.

ఒరను పాత బస్టాండు కాడ గొడుగు కింద కూర్చునే
ఏకాంబరం తాతకు చూపిస్తే, ముందు వాసన చూసినాడు.
"తంగేడు చెక్కతో ఊనిన తోలు.
ఇప్పుడు ఎవురికుంది అంత ఓపిక?"
ఆముదం తాపుతానంటే కసిరినాడు.
"చెప్పుకయితే తాపు. దీనికి తాపితే
తోలు బతుకుతాది, దారం కుళ్లుతాది."
రివెట్ల చుట్టూ పచ్చటి చిలుమును
వెదురు పుల్లతో తీసినాడు, చెవిలో గుబిలి తీసినట్టు.
గోరంత తేనెమైనం నా చేతిలో పెట్టి
"అరచేతి వేడికి కరగనీ, నీడలో పట్టించు, ఎండకు పెట్టబాక" అన్నాడు.
తెగిన మూడు కుట్లూ నేనే ఏసినాను,
ఆ పాత తూట్లలోనే, రెండు సూదులతో.

లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచి:
"కత్తిని మళ్లా దీంట్లో దూర్చబాక, పాపా.
లోపల తోలుకు చెమట పడతాది.
కాపలా కాసేదే తుప్పు పట్టిస్తాది."

ఈ మాట పెద్దమ్మకు ఎట్ల చెప్పేదా అనుకుంటానే చెప్పినాను.
ఆమె ఒక చేత ఒర, ఒక చేత కత్తి పట్టుకుని
బరువు చూస్తున్నట్టు నిలబడింది.
"ఆయనా అంతే మే.
మిల్ట్రీ నుంచి వచ్చినాక ఒక రాత్రన్నా ఇంట్లో పడుకోలేదు.
వానైనా చలైనా తిన్నె మీదే.
నేను గడపకు ఈవల, ఆయన ఆవల.
అట్లనే నలుగురు బిడ్డల్ని కంటిమి" అని పకపకా నవ్వింది.
నవ్వి, పైట కొంగుతో పిడి తుడిచింది,
నేను తుడిచిందాన్నే మళ్లా.

కత్తిని ఒక నూనె గుడ్డలో, ఒరను ఒక పొడి గుడ్డలో చుట్టి
ఒకే రేకు డబ్బాలో పక్కపక్కన పెట్టినాను.

కూలి ఎంతంటే వద్దన్నాను.
సంచి అడుగు నుంచి రెండు తోతాపురి కాయలు తీసింది.
కోసేదానికి ఏమన్నా ఉందా అని అటూ ఇటూ చూసింది.
గుడ్డ కత్తెర ఉంది, దారం తెంపే బ్లేడు ఉంది.
ఇద్దరమూ ఒకేసారి డబ్బా వైపు చూసినాము.

తొడిమ గిల్లి, సొన నేలకు కార్చి
పళ్లతోనే కొరికినాము.