నాలుగువందల పన్నెండో వరుస

ఒప్పందం పద్నాలుగో క్లాజులో
నా పేరు లేదు.
అటుపక్క గవర్నరు గారు, ఇటుపక్క మా కంపెనీ,
మధ్యలో వంద రూపాయల స్టాంపు పేపరు.
రాసిన ప్రతి అక్షరం, రాయబోయే ప్రతి అక్షరం
సర్కారుది.
చదివినట్టు సంతకం పెట్టమన్నారు, పెట్టాను.
అప్పటికి మూడు నెలల జీతం రావాలి.

మాసాబ్ ట్యాంక్ ఆఫీసులో మూడో అంతస్తు.
లిఫ్టు మీద 'మరమ్మతులో ఉన్నది' కాగితం
మేం చేరకముందు నుంచీ ఉంది.
ఏసీ సర్వరుకి, ఫ్యాను మాకు.
పద్దెనిమిది నెలలు అక్కడే
ఒంటరి ఆడవాళ్ళ పింఛను లెక్క రాశాను.

చాంద్రాయణగుట్టలో ట్రయల్ పెట్టిన రోజు
ఖాజాబీ వచ్చింది.
ఇరవై ఏళ్ళు అగరుబత్తీలు చుట్టిన బొటనవేలు.
యంత్రం కాదంది.
కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. కాదంది.
మూడోసారి నా వైపు చూసి నవ్వింది,
'వేలు నాదే బేటీ, గీతలే బత్తీలల్ల పోయినయి.
గీ మిషను గుర్తుపట్టకుంటే
మనిషిని అడగొచ్చు గదా?'

ఆ రాత్రే రాశాను
నాలుగువందల పన్నెండో వరుస:
మూడుసార్లు కాదంటే, మనిషిని అడుగు.

ఇప్పుడు కేసు నడుస్తోంది.
రెండో విడత పనికి ఒప్పందం మీద
ఎవరూ సంతకమే చేయలేదట.
ఇచ్చింది వాడుకోవడానికే, హక్కు మాదేనని కంపెనీ.
పైసలు మావి, సొత్తు మాదని శాఖ.
నన్ను సాక్షిగా పిలిచారు.

నాంపల్లి మెట్ల మీద వకీలు పద్మాకరం గారు
ఫైలుతో విసురుకుంటూ చెప్పారు:
'ఆలోచనకు హక్కుండదమ్మా, రాతకే.'
మరి ఆలోచన ఎవరిది సార్?
'ఎవరిదీ కాదు.'
తర్వాతి కేసు పిలిచారు, వెళ్ళిపోయారు.

నేను రాసిందేముంది?
ఆమె మాటకు బ్రాకెట్లు తొడిగాను,
చివర సెమికోలన్ కుట్టాను.
పైన ఒక కామెంటు వదిలాను, 'ఖాజాబీ చెప్పింది' అని.
కామెంట్లను యంత్రం చదవదు,
దాటుకుని పోతుంది.
పద్నాలుగో క్లాజు చదివితే అదీ సర్కారుదే,
ఆ పేరుతో సహా.

నిన్న రాత్రి పదిన్నరకు ఫోను.
కొత్త కంపెనీ కుర్రాడు, గొంతులో ఇంకా కాలేజీ ఉంది.
'మేడం, నాలుగువందల పన్నెండు ఎందుకు పెట్టిన్రు?
ఆడిట్ల తప్పంటున్నరు, తీసేయాల్నా?
ఈ ఖాజాబీ అంటే మీ టీం లీడా?'

కరెంటు పోయింది. కింద ఎవరిదో ఇన్వర్టరు
ఆగకుండా కూస్తోంది.
చెప్పే హక్కు నాకు లేదు బాబూ, అన్నాను.
వాడు లైన్లోనే ఉన్నాడు.

తీయకు, అన్నాను.